తుపాకికి దీర్ఘకాల పరీక్ష

తుపాకి మంచిదని చెప్పుట సులభము; అది ఎన్నాళ్లు మంచిదిగా నుండునో చెప్పుట కష్టము. పెట్టె విప్పి అప్పుడే బయటికి దీసిన తుపాకి పది తూటాలకు పదింటిని పేల్చినంత మాత్రమున, పదివేల తూటాల పిమ్మట, పది వర్షాకాలముల పిమ్మట, పలువురి చేతులు మారిన పిమ్మట సైతము అట్లే పేలునని నమ్ముటకు ఆధారమేమి? ఈ యొక్క ప్రశ్నకు ఉత్తరము వెదకుచు మూడు నాలుగు శతాబ్దములుగా ఆయుధ నిర్మాతలును, సైనిక పరీక్షకులును, ఇటీవల గణిత శాస్త్రజ్ఞులును పడిన శ్రమ సామాన్యమైనది కాదు. ఆ శ్రమ ఎంతవరకు ఫలించినది, మన సీమకు దానివలన గ్రహింపదగినది ఏమి కలదు అను విచారణయే ఈ వ్యాసమునకు విషయము.

ఇది సైనికుల గొడవ, మనకేల యని తలచువారు కలరు. చంద్రగిరి చేరువ కల్యాణి డ్యాం దగ్గరి పోలీసు శిక్షణ కళాశాలలో కొత్తగా చేరిన కానిస్టేబుళ్లు తుపాకి పట్టుట నేర్చుకొందురు. శేషాచలపు టడవులలో ఎర్రచందనమును కాచు సిబ్బంది రేయనక పగలనక కొండ లెక్కి దిగుచుందురు. పలమనేరు, కుప్పము ప్రాంతములలో అడవిపందుల బారినుండి వేరుసెనగ చేనిని కాపాడుకొనగోరు రైతు, మందు దట్టించి పేల్చు తుపాకిని పంట రక్షణకై లైసెన్సుపై పొందుటకు 1959 నాటి ఆయుధ చట్టమే అవకాశ మొసగినది. ఇక తిరుపతి వీధులలో బ్యాంకు వాకిట స్టూలు వేసికొని కూర్చుండు కాపలాదారుని ఒడిలోని డబుల్ బ్యారెల్ తుపాకిని చూడనివా రెవరు? ఆ తుపాకి కడపటిసారి ఎప్పుడు పేలినదో, అందలి తూటాలు ఏ యేటివో అడిగినవారు మాత్రము అరుదు.

తుపాకి యీ సీమకు నిన్న మొన్న వచ్చినది కాదు. నరగంటి, కల్లూరు, బంగారి పాళెగాండ్ర బంట్లు జామగి తుపాకులు బూనినవారు. 1780 సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురము చెంతనున్న పొల్లిలూరు యుద్ధములో కర్నల్ బెయిలీ సేన చిక్కువడినప్పుడు, ఆంగ్లేయుల మందు బండ్లు అంటుకొని ప్రేలుటయే వారి యోటమికి ముఖ్య కారణములలో నొకటి. ఆ విజయమును గొన్న హైదరాలీ రెండేండ్లు తిరిగి కొంత కాలము కాగానే 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట శిబిరములో కన్ను మూసెను. నాటి తుపాకికి ప్రబల శత్రువు ఎదుటి సేన కాదు, వాన. జామగి నిప్పు ఆరినను, రంజకము చెమ్మగిల్లినను, అది కేవలము ఇనుపగొట్టము. పెట్లుప్పు, గంధకము, బొగ్గు కలిపి నూరిన మందు గాలిలోని తేమకు గడ్డకట్టును. పేలిన పిదప మిగులు మసియు తేమను పీల్చి గొట్టమును లోలోపల తినివేయును. హైదరాబాదులో నిజాము కొలువున నున్న ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్ది చివరను ఫిరంగులు పోత పోయించిన తావు నేటికిని గన్‌ఫౌండ్రీ పేరుతో నిలిచియున్నది. పోత చల్లారిన ఫిరంగిని కాల్చి చూచి లోపములేదని తేల్చుకొనుటయే ఆ నాటి పరీక్షకు మేర.

ఐరోపా ఖండమున ఈ తొలి పరీక్షయే చట్టరూపము దాల్చినది. లండను తుపాకి పనివారల సంఘమునకు 1637లో రాజశాసనము లభించినది. బర్మింగ్‌హాములో 1813లో పరీక్షాలయము ఏర్పడినది. మామూలు తూటాకంటె అధికమైన ఒత్తిడి పుట్టించు తూటాను కొత్త గొట్టములో పేల్చి, పగులుగాని ఉబ్బుగాని కనబడనిచో ముద్ర గొట్టుట ఇచటి పద్ధతి. మన దేశములో ఫిరంగులకును వాటి గుండ్లకును ఒడిశా తీరమున చాందీపూరులో 1895 నుండియు పరీక్షా క్షేత్రము నడచుచున్నది. ఈ పరీక్ష అత్యంతావశ్యకము. అదిలేని నాటు తుపాకి, ఏ నీటిగొట్టముతోనో సందుగొందులలో చేయబడినది, పేల్చువాని ముఖముమీదనే పగిలిన వార్తలు మన పత్రికలకు కొత్తవి కావు. అయినను దీని పరిమితిని గుర్తింపవలసియున్నది. ముద్ర చెప్పునది యొక్కటే: ఈ గొట్టము ఈ దినమున పగులలేదు. ఐదువేలవ తూటాకు దాని స్ప్రింగు సాగియుండునా, తూటా కూర్చుండు అరయగు ఛాంబరును బోల్టు బిగువుగా మూయునా అను ప్రశ్నలకు ఆ ముద్ర ఉత్తరము చెప్పజాలదు.

ఆ ప్రశ్నల నడుగుట ఇరువదవ శతాబ్ది ఆరంభమున మొదలైనది. అమెరికా సైన్యము కొత్త పిస్తోలును ఎన్నుకొనుటకై 1911 మార్చి నెలలో కోల్టు, శావేజ్ కంపెనీల పిస్తోళ్లను పోటీకి నిలిపి, ఒక్కొక్కదానిని ఆరువేల తూటాలు పేల్పించినది. నూరు తూటాలు పేల్చి, చల్లారనిచ్చి, వేయింటి కొకసారి శుభ్రపరచి నూనె వేయుట, పిమ్మట సొట్టపడిన తూటాలతోను, దుమ్ముతోను, తుప్పు పట్టించు ఆమ్లముతోను హింసించుట ఆ పరీక్షాక్రమము. శావేజ్ పిస్తోలు ముప్పదియేడు మారులు మొరాయింపగా, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్టు ఒక్కమారైనను ఆగలేదు. మార్చి 29న సైన్యము దానిని స్వీకరించినది.  ఆరేండ్ల పిమ్మట అదే బ్రౌనింగ్ తన మరతుపాకిని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారములో ఇరువదివేల తూటాలు పేల్చి చూపి, అంతట తృప్తి చెందక మరి ఇరువదివేలు పేల్చి, ఏ భాగమును విరుగలేదని నిరూపించెను. పరీక్షకులకు అప్పటికిని శంక తీరకపోవుటచే రెండవ తుపాకిని తెచ్చి నలువది యెనిమిది నిమిషములు ఎడతెగకుండ పేల్చెను. పరీక్షకుల శంక తీరువరకు తన సృష్టిని తానే శిక్షించుటకు సిద్ధపడిన ఆ నిర్మాత శ్రద్ధ నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును.

ఐతే ఎన్ని తూటాలు పేల్చిన చాలును? సామాన్యుడు పరీక్షా ఫలితములను చదువునపుడు అధికముగా మోసపోవు చోటు ఇదియే. ఒక తుపాకి మూడువందల తూటాలు ఒక్క జామ్ లేకుండ పేల్చినదని విని ఇది ఎన్నడును ఆగదని తలంచువారు కలరు. గణితమట్లు చెప్పదు. మూడువందల తూటాలలో ఒక్కటియు విఫలము కానిచో, నూటికి తొంబదియైదు పాళ్లు నిశ్చయముతో మనము చెప్పగలిగినది, వైఫల్యము నూటి కొకటికి మించి యుండదని మాత్రమే. వేయింటి కొకటికి మించదని చెప్పవలెనన్న మూడువేలు పేల్చి, ఒక్కటియు తప్పకుండుట చూడవలెను. నూటి కొకటి యన్నది వినుటకు స్వల్పము. ముప్పది తూటాల మ్యాగజైన్లు మూడింటిని ఖాళీ చేయు కానిస్టేబులుకు మాత్రము దాదాపు ఒకసారి తుపాకి చేతిలో మూగవోవునని దాని యర్థము. అంతేకాదు, మూడువేలును ఒకే తుపాకిలో పేల్చినచో ఆ తుపాకి సంగతి తెలియునుగాని అదే కర్మాగారములో మరునాడు తయారైన తుపాకి సంగతి తెలియదు. అందుచేతనే నేటి సైనిక పరీక్షకులు పలు తుపాకులను, పలు దినముల ఉత్పత్తినుండి ఏరి తెచ్చి, రెండు జామ్‌ల నడుమ సగటున ఎన్ని తూటాలు పేలినవో లెక్కగట్టుచు, జామ్ ఎట్టిదో కూడ వ్రాయుదురు. క్షణములో చేతితో సవరింపగలదా, పనిముట్లు కావలెనా, ఆయుధములను బాగుచేయు ఆర్మరర్ కడకు పంపవలెనా అను మూడు తరగతుల భేదము లేని సగటు లెక్క నిష్ప్రయోజనము.

పరీక్ష ఒకసారి సక్రమముగా జరిగినంత మాత్రమున చాలదనుటకు అమెరికా ఎం16 రైఫిలు చరిత్ర కంటె మించిన నిదర్శనము లేదు. ఒక రకపు మందుతో నెగ్గిన ఆ రైఫిలుకు 1960 దశకమున వేరొక రకపు మందు నింపిన తూటాలను సరఫరా చేసిరి. కొత్త మందు తుపాకి వేగమును హెచ్చించి, లోపల మసిని పెంచినది. ఛాంబరుకు క్రోమియపు పూత లేదు. ఈ తుపాకికి శుభ్రత అంతగా అక్కరలేదను ప్రచారమువలన పలువురు సైనికుల కడ తుడుచుకొను సామగ్రియే లేకుండెను. వియత్నాము తేమలో ఖాళీ కోశములు ఛాంబరులో అతుక్కొనిపోయి, సైనికులు శత్రువు నెదుట నిస్సహాయులైరి. 1967లో ఆ దేశపు ప్రతినిధి సభ ఉపసంఘము విచారించి తప్పు నెత్తి చూపినది. పిమ్మట క్రోమియపు పూత వచ్చినది, తుడుచు సామగ్రి వచ్చినది, తుపాకికి పేరు వచ్చినది. మారినది తూటాలోని మందు మాత్రమే. కాని తిరిగి పరీక్ష చేయకుండ మార్చిరి. ఆయుధము, తూటా, మ్యాగజైను, నూనె, చేయి అను నీ యైదును ఒక్కటిగా పరీక్షింపబడవలెను. ఒకటి మారినచో తొలినాటి ఫలితము రద్దయినట్లే యని నా నిశ్చితాభిప్రాయము.

మన దేశమునకు ఇట్టి పాఠమును ఇన్సాస్ రైఫిలు నేర్పినది. 1990 దశకమున సైన్యములో ప్రవేశించిన యీ స్వదేశీ రైఫిలు 1999 నాటి కార్గిల్ మంచుకొండలలో తొలి కఠిన పరీక్ష నెదుర్కొనగా, లోపలి తూటాలు కానవచ్చునట్టి దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు చలికి పగుళ్లిచ్చినవని, నూనె వెనుకకు చిమ్మి కంటబడుచున్నదని ఫిర్యాదులు వచ్చినవి. 2005లో నేపాల్ సైన్యము, దీర్ఘకాలము సాగిన యొక పోరులో ఆ రైఫిళ్లు ఆగిపోయినవని ఆరోపింపగా, వాడుకలోను సంరక్షణలోను లోపమున్నదని మన పక్షమున సమాధానము వచ్చినది. ఎవరి మాట సత్యమను వాదమునకు నేను దిగను. నిర్ణయించుటకు కావలసిన పరీక్షా వివరములు ప్రజల కందుబాటులో లేకపోవుటయే నాకు బాధ కలిగించు విషయము. 2024 జనవరిలో పుణె నగరమున డి.ఆర్.డి.ఓ. సంస్థ ఆవిష్కరించిన ‘ఉగ్రం’ రైఫిలు నిర్మాణములో హైదరాబాదు కంపెనీ యొకటి పాలుపంచుకొన్నది. తెలుగునాట తుపాకి పుట్టుచున్న యీ తరుణముననైన పరీక్షల ఫలితములను, రహస్యము గావలసినవి విడిచి, ప్రకటించు అలవాటు పుట్టవలెను.

ఉపకరణముల విషయమున ఉపేక్ష ఇంకను అధికము. తుపాకి ఆగిపోయిన సందర్భములలో దోషము తరచు తుపాకిది కాక మ్యాగజైనుదే యగును. దాని పెదవులు ఏమాత్రము వంగినను తూటా వంకరగా లేచును. ఏండ్ల తరబడి పేరుకొన్న దుమ్ము స్ప్రింగు నీడ్చును. గురి చూచు దుర్భిణికి పరీక్ష వేరు. తుపాకి తన్నును వేలమార్లు ఓర్వవలెను, నీట మునిగినను లోన ఆవిరి పట్టరాదు, మీటలను పైకి, పక్కకు, క్రిందికి, మరల పక్కకు అవే మెట్లు త్రిప్పి తొలి స్థానమునకు తెచ్చినపుడు గుండు తొలి రంధ్రముననే పడవలెను. ఇంతకంటె విచిత్రమైనది తుడుచు త్రాటి కథ. పాత త్రీనాట్‌త్రీ రైఫిలు మడమలోని చిన్న అరలో ఒక నూనె బుడ్డియు, పుల్‌త్రూ అను త్రాడును ఉండును. త్రాటి కొసన చిందీ గుడ్డను దోపి, రెండవ కొసనున్న ఇత్తడి బరువును ఛాంబరులో జారవిడిచి, మొన నుండి బయటికి లాగవలెను. తిన్నగా లాగినచో గొట్టము అద్దమువలె మెరయును. కానిస్టేబులు తొందరపడి ఏటవాలుగా లాగినచో, మసియు ఇసుకయు పట్టిన ఆ త్రాడు మొన యంచును ఒక పక్క కొద్దికొద్దిగా కోయుచు ఏండ్లు గడచుసరికి వ్రేలిగోటికి తగులునంత గాడి చేయును. గొట్టమును వెలుతురునకు ఎత్తి చూచినపుడు లోపలి మరచాళ్లు నిక్కముగానే యుండును. గుండు మాత్రము బయల్వెడలు కట్టకడపటి క్షణమున ఆ గాడి యున్న వైపున వాయువు ముందుగా జారుటచే దారి తప్పును. శుభ్రపరచుటకై పుట్టిన సాధనమే గురిని పాడుచేయును. కర్మాగారములో జరుగు ఏ తొలి పరీక్షయు ఈ దోషమును పట్టజాలదు, కాలమొక్కటే పట్టగలదు.

శీతోష్ణస్థితి మరియొక పరీక్షకుడు. రేణిగుంట, శ్రీకాళహస్తి వైపుల వేసవిలో ఎండ మండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములును, తుపానులును తేమను దెచ్చును. సూళ్లూరుపేట, తడ ప్రాంతములలో పులికాటు మీదుగా ఉప్పుగాలి వీచును. ఒక్క తిరుపతి జిల్లాలోనే ఇన్ని శత్రువులు. పాత తూటాల క్యాపులలోని రసాయనము పేలిన పిదప గొట్టములో ఒక విధమగు ఉప్పును మిగిల్చెడిది. నూనె ఆ ఉప్పును కడుగలేదు, నీరే కడుగవలెను. అందుచే పాతకాలపు సిపాయిలు మరగిన నీటిని గరాటుతో గొట్టములో పోసి, ఆరనిచ్చి, పిదప నూనె రాచెడివారు. నేటి తూటాలలో ఆ బాధ తగ్గినది. కాని పొగలేని మందు స్వయముగా ముదియును. దానిలో కలిపిన స్థిరకారి ద్రవ్యము ఏటేట కరగిపోవుచుండును. వేడి హెచ్చినకొలది ఆ క్షయము వేగ మందుకొనును. రేకుల కప్పు క్రింద నిలువయుంచిన తూటాపెట్టెను, చల్లని రాతి గదిలోని పెట్టెను ఒకే వయస్సు గలవిగా లెక్కించుట పొరపాటు.

ఈ శాస్త్రమును క్షుణ్ణముగా ఎరిగినవారు మనకు దూరమున లేరు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోనే రాకెట్టులను ప్రయోగించు శ్రీహరికోట యున్నది. రాకెట్టునకు రెండవ అవకాశము లేదు. పేల్చిన పిదప తెరచి తుడిచి మరల పేల్చుట కుదరదు. అందుచే అక్కడివారు పరీక్షను పుట్టువుతో ముగింపరు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగము సముద్రమున గూలుటకు కారణము రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని యొక కవాటము సరిగా మూతపడక ఆమ్లము కారిపోవుటయని తేలినది. మహాయంత్రమంతయు సిద్ధముగా నుండగా ఒక చిన్న యుపకరణము దానిని కూల్చినది. వారు దోషమును దాచక, కారణమును వెదకి, వ్రాసి, సవరించుకొని, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టిరి. 2010 జనవరి 24న ఎస్-200 అను మహా ఘనేంధన మోటారును ఎగురవేయకయే నేలకు బిగించి మండించి పరీక్షించినదియు శ్రీహరికోటలోనే. దోషమునకు లిఖితమైన లెక్క యుండవలెనను నియమము అక్కడ వేళ్లూనినది. అదే జిల్లాలోని పోలీసు స్టేషను గోడకు ఆనించియున్న రైఫిలునకు ఆ నియమము వర్తింపరాదా?

క్రీడారంగమున మాత్రము ఈ జాగ్రత్త కొంత కనబడుచున్నది. 2012 లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యము గెలిచిన హైదరాబాదు వాస్తవ్యుడు గగన్ నారంగ్ వంటివారి స్థాయిలో, తుపాకిని బిగించి ఏ పెట్టెలోని గుళ్లు ఒకే రంధ్రమున పడుచున్నవో చూచి, ఆ పెట్టె సంఖ్య గల గుళ్లనే కొనుట పరిపాటి. గాలిని నింపు సిలిండరు ఆయుర్దాయము పదేండ్లకు మించరాదనియు, ఆ తేదీని చూచుకొను బాధ్యత క్రీడాకారునిదేననియు అంతర్జాతీయ నియమము కలదు. ఇట్లు గడువు విధింపబడిన ఉపకరణములు అరుదగుట శోచనీయము.

ఇక మన లైసెన్సు తుపాకుల సంగతి. పరీక్షించుట, నిరూపించుట అను పనులను సైతము లైసెన్సు లేనివాడు చేయరాదని ఆయుధ చట్టము శాసించుచున్నది, అది న్యాయమే. కాని లైసెన్సు పునరుద్ధరణ వేళ నేనెరిగినంతలో ప్రధానముగా చూడబడునవి పుస్తకము, సంఖ్య, రుసుము. గొట్టములో వెలుతురు చూచువారు, బోల్టు బిగువును గేజితో కొలుచువారు తక్కువ. ఫిరంగికి ఎన్ని గుండ్లు పేల్చినదో తెలుపు చిట్టా పుస్తక ముండును. చిన్న తుపాకికి అట్టి పుస్తకము ఎందుకు లేదు? ఒక్క తెల్లకాగితపు పుస్తకము చాలును: తేదీ, తూటాల సంఖ్య, తూటాల పెట్టె సంఖ్య, జామ్ అయినచో ఎట్లు అయినది, ఎవరు తుడిచిరి. పదేండ్లు వ్రాసినచో ఏ ప్రయోగశాలయు ఇయ్యజాలని పరీక్ష అది.

దీనికి అవకాశమును మనము కొత్తగా సృష్టింపనక్కరలేదు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లలో డిపాజిట్ అగుచున్నవి. వారముల తరబడి అచటనే యుండును. ఆ వ్యవధిలో జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు ఆర్మరర్ చేత ప్రతి తుపాకిని విప్పించి, గొట్టమును, స్ప్రింగును, తూటాల వయస్సును చూపించి, రెండు పంక్తుల నివేదికను పుస్తకమునకు అంటించి తిరిగి ఇయ్యవచ్చును. ముదిరిన తూటాలను అచటనే స్వాధీనము చేసికొనవచ్చును. బ్యాంకులు తమ కాపలాదారులకు ఏటికొకసారియైన ఫైరింగు రేంజిలో అవకాశము కల్పింపవచ్చును. తిరుపతి, చిత్తూరు జిల్లాల పోలీసు అధికారులు రాబోవు ఎన్నికల డిపాజిట్‌తోనే ఈ పనిని ఆరంభింపవలెనని మనవి చేయుచున్నాను. తుపాకి గల పాఠకులు అంతవరకు ఆగనక్కరలేదు; నేడే తమ తూటాల పెట్టెను తీసి, దానిపై ముద్రించిన సంవత్సరమును చదువవలసినదిగా కోరుచున్నాను.